వీరవేణి బీటు

మా ఆవిడ తలకాయలో ఆరు వందల పద్నాలుగు ఇళ్ళున్నాయని ప్రభుత్వం వారే లెక్కగట్టి చెప్పారు. అందులో నా సైకిలు కొట్టు ఎక్కడుందని అడిగాను. డాక్టర్ శార్వరి తెర మీద ఒక చుక్క చూపించి, "ఇదిగోండి, సరిగ్గా మధ్యలో" అంది. రోజూ మధ్యాహ్నం మా ఆవిడా నేనూ కలిసి క్యారేజీ విప్పుకునేది అక్కడే కాబట్టి అందులో వింతేం లేదు. అయినా నాకు గర్వంగానే అనిపించింది. ఆ చుక్క ఆవిడ తలలోంచి మాయమవుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

నా పేరు నూకరాజు. గోదావరి పాయల మధ్య చింతలంకలో సైకిళ్ళు బాగుచేస్తాను. మా ఆవిడ వీరవేణి ఆ ఊళ్ళో పంతొమ్మిదేళ్ళుగా ఉత్తరాలు పంచుతోంది. ఆమె రోజూ తిరిగే ఇళ్ళ వరసనే బీటు అంటారు. రెండువేల నలభై ఒకటిలో ఇంకా ఉత్తరాలేమిటని నవ్వకండి. మా వైపు పెళ్ళిపిలుపు ఫోనులో వస్తే పిలిచినట్టు కాదు, కర్మకి పిలుపూ అంతే. అవి గాక బ్యాంకు కాగితాలు, కోర్టు కాగితాలు, మందుల పొట్లాలు. సంచీ బరువు తగ్గలేదు, మోసే మనుషులే తగ్గుతూ వచ్చారు.

ఆ తగ్గించడానికి జాతీయ తపాలా సేవ వారు పునర్వ్యవస్థీకరణ అని పేరు పెట్టారు. నాకు ఆ మాట నోరు తిరిగేసరికి దేశంలో సగం సార్టింగు ఆఫీసులకి తాళాలు పడ్డాయి. ఇక వంతు పంచేవాళ్ళది. మొత్తం ఎనభై వేల మంది. వాళ్ళ బదులు మేకంత ఎత్తున నాలుగు కాళ్ళతో నడిచే యంత్రం వస్తుంది. దాని పేరు జాడ.

దానికి దారి నేర్పడమే చిక్కు. మా ఊళ్ళో ఇంటి నంబర్లు నాలుగుసార్లు మారాయి. ఏ నంబరు నిజమో గోడకే తెలియదు. "ఐసు ఫ్యాక్టరీ వెనకాల, రెండు మేకలుండే ఇల్లు" అని రాసిన కవరు కూడా వీరవేణి చేతిలో పడితే చేరాల్సిన చోటికి చేరుతుంది. అందుకని దారిని ఆమె తలలోంచే అచ్చు తీద్దామనుకున్నారు. అచ్చు కుదిరాక చింతలంకలో పది రోజుల పోటీ పెడతారు. యంత్రం మనిషితో సమానంగా పంచిందా, ఎనభై వేల మందీ ఇంటికే.

నేను ససేమిరా అన్నాను.

"నీ ఉరితాడు నువ్వే పేనుకుంటావేంటే?"

"నేను కాదంటే పక్క బీటు సత్యంగారి తలకి కడతారు మావా. ఆయన సగం ఉత్తరాలు టీ కొట్లో పడేసి వచ్చేస్తాడు. యంత్రం కూడా అదే నేర్చుకుంటది. ఉద్యోగం పోతే పోయింది. ఉత్తరం పక్కింట్లో పడితే ఎలాగ చెప్పు?"

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం? నేను పోయి సైకిలు చెయిను బిగించుకున్నాను.

పట్నంలో మూతబడ్డ సార్టింగు హాల్లో ప్రయోగశాల పెట్టారు. దాన్ని నడిపే శార్వరికి ముప్ఫై దాటి ఉండవు. పుట్టాక ఒక్క ఉత్తరం కూడా అందుకోలేదట. "మరి మా ఉత్తరాల మీద ఎందుకమ్మా పడ్డావు?" అంటే నవ్వేసింది. చెడ్డపిల్ల కాదు. వీరవేణి చెవుల వెనక ఒక పట్టీ అతికించి, దాంతోనే నలభై రోజులు బీటు తిరగమంది.

నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. మనం ఒక దారి గుర్తు చేసుకున్నప్పుడల్లా అది మెదడులో కాసేపు మెత్తబడుతుందట. మళ్ళీ గట్టిపడేలోపు పట్టీ దాని అచ్చు తీసుకుంటుందట.

"ఇటుకలు కోసినట్టన్నమాట" అన్నాను.

"అలాగే అనుకోండి బాబాయ్ గారూ."

"మా తమ్ముడు ఇటుక బట్టీలో చేశాడమ్మా. అచ్చు పైకి తీసినప్పుడల్లా కాస్త మట్టి దానికి అంటుకుని వచ్చేస్తది. అంటకుండా బూడిద చల్లుకుంటారు. నువ్వేం చల్లుతున్నావు?"

ఆ పిల్ల మళ్ళీ నవ్వింది కానీ, ఈసారి నవ్వు మధ్యలో ఆగింది. ఏదో కాగితం మీద రాసుకుంది.

నలభై రోజులూ అయ్యాయి. పట్టీ తీసేశారు. జాడ మా ఊళ్ళోకి వచ్చి, వీరవేణి లాగే ప్రతి మలుపులో కాస్త ఎడమకి ఒరిగి నడుస్తుంటే ఊరంతా తిరునాళ్ళలాగా చూసింది. నేను కూడా చూసి నవ్వాను.

ఆ తర్వాతి మంగళవారం మధ్యాహ్నం వీరవేణి క్యారేజీకి రాలేదు. ఒంటిగంటయింది, ఒంటిగంటన్నరయింది. కొట్టు వదిలేసి వెతుక్కుంటూ వెళ్ళాను. ఐసు ఫ్యాక్టరీ నాలుగురోడ్ల కూడలిలో సైకిలు పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. అక్కడినుంచి మా కొట్టు రెండు మలుపులు. నన్ను చూసి సిగ్గుపడుతూ నవ్వింది.

"మావా, మన కొట్టు ఎటు?"

వేళాకోళం అనుకున్నాను. కళ్ళు చూశాక కాదని తెలిసింది.  చెయ్యి పట్టుకుని కొట్టుకి తీసుకొచ్చి అన్నం పెట్టాను. తింటూ ఒక్కో వీధీ చెప్పించాను. మనుషులు గుర్తున్నారు, పేర్లు గుర్తున్నాయి, వాళ్ళ గొడవలతో సహా గుర్తున్నాయి. దారులే లేవు.

మర్నాడు ప్రయోగశాలకి వెళ్ళి నానా మాటలూ అన్నాను. శార్వరి వీరవేణిని పరీక్షించి, తెల్లబోయిన మొహంతో వచ్చి కూర్చుంది.

"మీరు ఇటుకల సంగతి అడిగిన రోజే ప్రయోగం ఆపి చూసుకోవాల్సింది. తప్పు నాది."

"తిరిగి పెట్టెయ్యి."

"తీయడమే వచ్చు బాబాయ్ గారూ. పెట్టడం ఇంకా రాదు. మళ్ళీ తిరిగితే కొత్తగా నేర్చుకుంటారు. కానీ నెలలు పడుతుంది."

పక్కనే పునర్వ్యవస్థీకరణ కమిటీ కార్యదర్శి నిరంజన్ ఉన్నాడు. ఇస్త్రీ నలగని మనిషి. "అచ్చు పూర్తయింది కదా. పోటీ వచ్చే మంగళవారం మొదలవుతుంది. ఆమె పాల్గొనలేకపోతే యంత్రం గెలిచినట్టు నమోదు చేస్తాం" అన్నాడు.

వీరవేణి లేచి నిలబడింది. "నేను వస్తున్నానని రాసుకోండి సార్."

బీటుని రెండు ముక్కలు చేశారు. తూర్పు వైపు జాడ, పడమటి వైపు వీరవేణి. నేను రాత్రీ పగలూ దారులు బట్టీ పట్టించాను. ఆమె తప్పుతూ, తడుముకుంటూ, ఎనిమిది గంటల పని పన్నెండు గంటలు చేసి ఎలాగో నెట్టుకొచ్చింది. జాడ మధ్యాహ్నానికే ముగించేది. ఆరు రోజుల్లో ఇద్దరూ ఒక్క ఉత్తరం పోగొట్టలేదు. సమానమైతే చాలు, యంత్రం గెలిచినట్టే.

నిజం చెప్పొద్దూ, జాడ పని చూస్తే ముచ్చటేసేది. పసుపు రాసిన శుభలేఖ అయితే గేటు దగ్గర ఆగకుండా నేరుగా గడప దాకా వెళ్ళి చేతికే ఇచ్చేది. అది వీరవేణి పద్ధతి. మామూలు కవర్లు అరుగు మీద పెట్టేది. ఏడో రోజు దానికి నల్లంచు కార్డు ఒకటి వచ్చింది. తూర్పు వీధిలో ఉండే కామేశ్వరమ్మగారి అన్నయ్య కర్మకి పిలుపు. ఆయన పోయిన సంగతి ఆవిడకింకా తెలియదు. అన్నాచెల్లెళ్ళకి పదేళ్ళుగా మాటల్లేవు.

జాడ గేటు బయటే ఆగింది. "తిన్నారా అమ్మా?" అని అడిగింది. గొంతు రేకుడబ్బాదే, అడిగిన తీరు మాత్రం మా ఆవిడదే. లేదు, ఇప్పుడే పొయ్యి మీద పెట్టానంది కామేశ్వరమ్మ. జాడ కాళ్ళు మడుచుకుని గోడ నీడలో కూర్చుంది. నలభై నిమిషాలు. ఆవిడ తిని, చెయ్యి కడుక్కుని వచ్చాక, గేటు ఇవతలికి పిలిచి అప్పుడు ఇచ్చింది.

జాడ వెనకే తిరుగుతున్న శార్వరి పడమటి వైపుకి పరుగెత్తుకొచ్చి వీరవేణికి అంతా చెప్పింది. "ఇదేంటి? నేను దారులే కదా తీసుకున్నాను?"

"నాకు దారంటే అది కూడానమ్మా. చావు కబురు తెలిస్తే ఆ ఇంట్లో ఇక ముద్ద దిగదు. కబురు గంటసేపు ఆగితే కొంప మునిగిపోదు. పస్తుంటే మనిషి పడిపోద్ది. అదీగాక, ఆ కార్డు గడప దాటి లోపలికి పోకూడదు. బయటే చదువుకుని, చింపేసి, కాళ్ళు కడుక్కుని లోపలికెళ్తారు." తర్వాత జాడ తిరిగే తూర్పు వైపు చూసి, కళ్ళు తుడుచుకుంది. "నాకు పోయినా దానికి ఉంది. చాల్లే."

నిరంజన్ మాత్రం నలభై నిమిషాలు వృథా అని రాసుకున్నాడు. ఆ ఆగడం కోసెయ్యమని ఉత్తర్వు ఇచ్చాడు. శార్వరి గంటసేపు వాదించింది. చివరికి ఉత్తర్వు ఉత్తర్వే. జాడ ఇక ఎవరినీ తిన్నారా అని అడగదు. కార్డు అంచుల రంగు, పసుపు, ఏదీ పట్టించుకోదు.

పదో రోజు ఆఖరి పరీక్ష. ఇద్దరికీ చెరో మూడు వందల పరీక్ష కార్డులు ఇస్తారు. ఇంటివాళ్ళు తీసుకుని దాని మీద బొటనవేలు ఒత్తితేనే అందినట్టు లెక్క. సాయంత్రం అయిదు వరకు గడువు. కార్డులు నిరంజన్ తన ఆఫీసులో అచ్చు వేయించాడు. యంత్రం కంటికి చక్కగా కనబడాలని ప్రతి కార్డు చుట్టూ వేలెడు వెడల్పున నల్లటి అంచు వేయించాడు.

ఆ రోజు శ్రావణ శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం.

పొద్దున్న ఎనిమిదిన్నరకి జాడ తూర్పు వీధి మొదటి ఇంట్లోకి దర్జాగా నడిచి, కలశం పెట్టుకుంటున్న ఇల్లాలి ముందు నల్లంచు కార్డు చాపింది. ఆవిడ పెట్టిన కేక నా కొట్టు దాకా వినబడింది. రెండో ఇంట్లో తలుపు మూశారు. మూడో ఇంటికి చేరేసరికి ఆ కబురు జాడకంటే ముందే వీధి చివరికి వెళ్ళిపోయింది. తలుపులన్నీ టపటపా పడ్డాయి. ఎవరో గోడ మీంచి బిందెడు పసుపు నీళ్ళు దాని నెత్తిన కుమ్మరించారు. పాపం, కంటికి పసుపు పట్టి కాసేపు గోడకి ఉత్తరం ఇవ్వబోయింది. సాయంత్రం దాకా తిరిగినా రెండే కార్డులు చెల్లాయి. ఒకటి హేతువాది మాస్టారు పట్టుబట్టి తీసుకున్నాడు, రెండోది కళ్ళజోడు దొరకని ముసలాయన తీసుకున్నాడు.

మరి వీరవేణి? పోస్టాఫీసులో సంచీ విప్పి కార్డులు చూడగానే మళ్ళీ మూతి బిగించి కట్టేసింది. ఎదురు కొట్టుకెళ్ళి పసుపు పొట్లం కొనుక్కుంది. పడమటి వీధి మొదట్లో సైకిలు స్టాండు వేసి, నడిరోడ్డు మీద నిలబడి గొంతెత్తింది. ఆమె వెనక ఎలక్ట్రానిక్ పలక పట్టుకుని కమిటీ పంపిన పరిశీలకుడు, అతని వెనక నేను. నన్ను నోరు విప్పొద్దని ముందే హెచ్చరించారు.

"అమ్మా! అందరూ వినండి! నా సంచీలోవి చావు కార్డులు కావు, పరీక్ష కాగితాలు. పట్నంలో తెలీక నల్లంచు వేశారు. నేను లోపలికి తేను. మీ వ్రతం అయ్యాక, తిన్నాక, గేటు బయటికొచ్చి తీసుకోండి. పసుపు నేనిస్తాను, నాలుగు మూలలా మీ చేత్తో మీరే రాసుకుని లోపలికి పట్టుకెళ్ళండి. ఇంకోటి." ఇక్కడ ఒకసారి వీధి చివరిదాకా చూసింది. "నేను దారులు మర్చిపోయాను. మీ ఇళ్ళు మీరే చూపించాలి."

 వీధి పొడవునా గేట్ల మీంచి తలలు పైకి లేచాయి.

"ఇదిగో వీరవేణమ్మా, మాది నీలం గేటు!" అని ఎవరో అరిచారు. "మాది పంపు పక్కన!" "మా అత్తగారి కార్డు కూడా నాకే ఇచ్చెయ్యకు, ఆవిడిల్లు ఆ కనబడే డాబా, ఆవిడకే ఇయ్యి, లేపోతే నన్ను తిడతది!" గేట్లన్నీ తెరుచుకున్నాయి. పూజ అయినవాళ్ళు, తాంబూలాలతో తిరిగేవాళ్ళు, ఒక్కొక్కరూ తమ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు. ఆమె వీధిలో నడుస్తుంటే వీధే ముందుకొచ్చి తన పేరు చెప్పుకుంది.

ఇది సాయం చేయడమే అని పరిశీలకుడు అభ్యంతరం పెట్టాడు.

"పోస్టుమనిషి దారి అడక్కూడదని మీ రూల్సులో ఎక్కడుందో చూపించు బాబూ" అంది కామేశ్వరమ్మగారు. ఆవిడ తూర్పు వైపు మనిషి. జాడకి తలుపు వేసేసి, పని కట్టుకుని ఇటొచ్చింది. అతను పలకంతా వెతికి, దొరక్క తర్వాతి కార్డు లెక్క రాసుకున్నాడు.

నాలుగున్నరకి రెండు వందల తొంభై తొమ్మిది అయ్యాయి. చివరి కార్డు నా పేరు మీద, కొట్టు చిరునామాకి ఉంది. నా కార్డు నా గుమ్మంలోనే అందాలని పరిశీలకుడు నన్ను కొట్టుకి తరిమేశాడు. దారిలో ఐసు ఫ్యాక్టరీ కూడలి ఉంది. అక్కడ ఇళ్ళు లేవు, వ్రతం రోజు ఫ్యాక్టరీ కూడా సెలవు. అడగడానికి పిట్ట కూడా ఉండదు. ఆ రోజు ఆమె నిలబడిపోయింది అక్కడే.

నేను గుమ్మంలో నిలబడ్డాను. పావు తక్కువ అయిదు. పది తక్కువ. ఆమె కూడలి దాకా వచ్చేసి ఉంటుందని తెలుసు, రావడం లేదని కూడా తెలుసు. అరవడానికి వీల్లేదు. ఎదురెళ్ళడానికి వీల్లేదు. ఎనభై వేల మంది మాటెలా ఉన్నా, ఆమె మళ్ళీ ఆ ఎండలో సిగ్గుపడుతూ నవ్వడం నేను భరించలేను.

అయితే సైకిలు మెకానిక్కు బెల్లులు పరీక్షించుకోకూడదని ఏ రూల్సులోనూ లేదు కదా. కొట్లో పదకొండు సైకిళ్ళున్నాయి. ఒక్కోదాని బెల్లూ కొట్టడం మొదలుపెట్టాను. కొత్తవి, తుప్పుపట్టినవి, అన్నీ. వేలు నొప్పి పుట్టేలా కొట్టాను.

అయిదుకి నాలుగు నిమిషాలుండగా మలుపులో వీరవేణి సైకిలు కనబడింది. ఎడమకి కాస్త ఒరిగి వస్తోంది. గుమ్మం ముందు దిగి, ఆయాసపడుతూ, కార్డు వెనక్కి దాచుకుని అడిగింది.

"తిన్నావా మావా?"

"నువ్వు రాకుండా ఏనాడన్నా తిన్నానా?"

"అయితే ముందు పసుపు రాసుకో, టైము లేదు."

రాసుకున్నాను. వేలు ఒత్తాను. మూడు వందలకి మూడు వందలు. పరిశీలకుడి పలక గంట కొట్టింది. వెనకాల నా బెల్లులు విని బయల్దేరిన సగం పడమటి వీధి, కామేశ్వరమ్మతో సహా, కేకలు వేస్తూ వస్తోంది. వీరవేణికి బీటు గుర్తు లేకపోతేనేం, బీటుకి వీరవేణి గుర్తుంది.

అయినా కమిటీ వారు అంత తేలిగ్గా ఒప్పుకుంటారా? పండగ రోజు పరీక్ష చెల్లదన్నాడు నిరంజన్. రెండు వారాలు విచారణ జరిగింది. అక్కడ శార్వరి లేచి, తన ఉద్యోగం సంగతి ఆలోచించకుండా ఉన్నదంతా చెప్పింది. "ఈమె తలలోంచి ఊరిని తీసేశాం. తిరిగి ఇవ్వడం చేతకాదు. దీన్నే ఎనభై వేల మందికి చేయబోతున్నాం. అంత చేసీ, అచ్చులో దొరికిన అసలైన ముక్కని వృథా అని మనమే కోసి పారేశాం" అంది. తీర్పు ఉత్తరం ద్వారా పంపుతామన్నారు. అప్పటిదాకా బీటు ఆపేశారు.

ఆ రోజులు వీరవేణి ఊరికే కూర్చోలేదు. సంచీ లేకుండానే పొద్దున్నే బయల్దేరి, వీధి వీధీ తిరిగి, ఇల్లిల్లూ పలకరించి, మధ్యాహ్నానికి కొట్టుకి వచ్చేది. మొదట నా బెల్లు వినబడాల్సి వచ్చేది. తర్వాత అక్కర్లేకపోయింది.

ఒక గురువారం మధ్యాహ్నం క్యారేజీ విప్పుతున్నాం. వీధి మలుపులో జాడ కనబడింది. దాని వెనక, చాలా దూరంలో, శార్వరి. కోసేసిన ముక్కని దానికి మళ్ళీ అతికించానని ముందురోజే ఫోను చేసి చెప్పింది. తీర్పు ఏమిటో మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు.

జాడ సంచీలో పొడుగాటి ఖాకీ కవరు. తపాలా సేవ ముద్ర. సార్టింగు ఆఫీసుల్లో ఉద్యోగం పోయిన వాళ్ళందరికీ అలాంటిదే వచ్చింది. వీరవేణి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నా ప్రాణమంతా ఆ నాలుగు కాళ్ళ మీదే ఉంది. గేటు బయట ఆగిందా, తిన్నారా అని అడిగిందా, మా పని అయిపోయినట్టే.

గేటు దాకా వచ్చింది.

ఆగలేదు. నేరుగా గడప దగ్గరికి వచ్చి, కవరు వీరవేణి చేతికి చాపింది. దాని నాలుగు మూలలా పసుపు. అలవాటు లేని చేత్తో రాసినట్టుంది, ప్రభుత్వ ముద్ర మీదకి కూడా కాస్త పాకింది.

వీరవేణి కవరు విప్పలేదు. ఎడమచేత్తో దాన్ని గుండెకి హత్తుకుని, వీధి చివర నిలబడ్డ శార్వరిని చూసి, ఊరంతా వినబడేలా కేకేసింది.

"తిన్నావా అమ్మా? రా, ముందు తిందువుగాని!"

ఎనభై వేల మందీ ఉద్యోగాల్లోనే ఉంటారని, జాడలు వాళ్ళ వెనక సంచులు మోస్తాయని ఆ కాగితంలో రాసి ఉంది. శార్వరి చదివి వినిపించింది, మేం మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాం. ఇద్దరి క్యారేజీ ముగ్గురం పంచుకుని తినేసరికి మూడు దాటింది.